విపత్తు వైద్యం వాడ దాకా రావాలి: సూత్రం, అనుభవం, చట్టం

తుపాను వచ్చినా, వరద ముంచినా, అంటువ్యాధి ప్రబలినా మందుల పెట్టెలు ముందు ఊళ్లోకి వస్తాయి. అవి వాడ దాకా వస్తాయా అన్నదే మన ప్రశ్న. వైద్య శిబిరం బడిలో పెడతారా, పంచాయతీ ఆఫీసులోనా, గుడి దగ్గరా? అక్కడికి ఎవరు జంకు లేకుండా నడిచి వెళ్లగలరో చాలా ఊళ్లలో ఇప్పటికీ కులమే తేలుస్తోంది.

సూత్రం

అంతర్జాతీయ రెడ్‌క్రాస్ ఉద్యమం 1965లో వియన్నాలో ఏడు మౌలిక సూత్రాలను ప్రకటించింది. మానవత మొదటిది, నిష్పాక్షికత రెండోది. జాతీయత, జాతి, మతం, వర్గం, రాజకీయాభిప్రాయం చూడకుండా, బాధ ఎక్కువగా ఉన్నవారికి ముందు సాయం అందాలన్నది దాని సారం. ఆ జాబితాలో కులం అన్న మాట లేదు. మన దేశంలో నిష్పాక్షికతకు మొదటి పరీక్ష మాత్రం కులమే.

అనుభవం

2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత తమిళనాడులోని నాగపట్నం జిల్లాలో శవాలను తొలగించడానికి ఇతర మున్సిపాలిటీల నుంచి దళిత పారిశుధ్య కార్మికులను రప్పించారు. వారిలో చాలామందికి మొదట్లో చేతొడుగులు కూడా లేవు. శిబిరాల్లో తాగునీటి దగ్గర, తిండి దగ్గర, తలదాచుకునే చోటు దగ్గర దళితులు వివక్షకు గురయ్యారని హక్కుల సంస్థలు నమోదు చేశాయి. సాయం ఎక్కువగా పడవలు, వలలు పోగొట్టుకున్న కుటుంబాల చుట్టూ తిరిగింది. వారి నష్టం నిజమే. కానీ అదే తీరంలో కూలి పోయిన దళితులు చాలాచోట్ల బాధితుల లెక్కలోకే రాలేదు. లెక్కలో లేనివారికి సాయంలో వాటా ఉండదు.

చట్టం

విపత్తు నిర్వహణ చట్టం, 2005 సెక్షన్ 61 ప్రకారం సహాయం, పరిహారం అందించేటప్పుడు కుల వివక్ష చూపకూడదు.

పౌర హక్కుల పరిరక్షణ చట్టం, 1955 సెక్షన్ 5 ప్రకారం అంటరానితనం కారణంగా ఆసుపత్రిలో చేర్చుకోకపోవడం నేరం.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం, దళితులను, ఆదివాసీలను ఆసుపత్రిలోకి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోకి వెళ్లకుండా ఆ కులాలకు, తెగలకు చెందనివారు అడ్డుకోవడం సెక్షన్ 3(1)(జెడ్ఎ) కింద నేరం. శిక్ష 6 నెలల నుంచి 5 ఏళ్ల జైలు, జరిమానా.

రైలు నుంచి పడి తలకు గాయమైన ఒక వ్యవసాయ కూలీని పశ్చిమ బెంగాల్‌లో ప్రభుత్వాసుపత్రులు పడకలు లేవంటూ తిప్పి పంపాయి. ఆ కేసులో 1996లో సుప్రీంకోర్టు అత్యవసర వైద్యం ఆర్టికల్ 21 కింద హక్కేనని తేల్చింది. నిధులు లేవని రాజ్యం తప్పించుకోలేదని చెప్పి, 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది.

మనం అడగాల్సినవి

బాధితుల జాబితా వాడలవారీగా రాయాలి, దాన్ని వాడలోనే చదివి వినిపించాలి. కనీసం ఒక వైద్య శిబిరం వాడలో ఉండాలి. శవాలు, మురుగు ఎత్తే కార్మికులకు చేతొడుగులు, బూట్లు, టీకాలు పని మొదలుకాక ముందే ఇవ్వాలి. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టరే అధ్యక్షులు కాబట్టి ఫిర్యాదు అక్కడే రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోవాలి.

వరద వచ్చాక ఇవన్నీ అడిగే వ్యవధి ఉండదు. వానాకాలానికి ముందే అడుగుదాం.