ఏనుగు మల్లమ్మ కొండకు ఒక బోర్డు

మా రామసముద్రం నుంచి మదనపల్లె మీదుగా హార్స్లీ హిల్స్‌కు ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. పోయినసారి పిల్లల్ని తీసుకెళ్తే, మా చిన్నోడు బోర్డు చదివి ఒక సవాల్ వేశాడు. "అబ్బా, హార్స్లీ సాబ్ రాకముందు ఈ కొండకు పేరే లేదా?"

ఉంది బేటా. మీ పర్‌దాదీ దీన్ని మల్లమ్మ కొండ అనేది.

పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ. పైన ఉండే మల్లమ్మకు ఏనుగులే తిండి తెచ్చి పెట్టేవని, కొండజనానికి జబ్బుచేస్తే ఆమె మందు ఇచ్చేదని కథ. ఆమె గుడి ఇప్పటికీ ఉంది. 19వ శతాబ్దంలో కడప కలెక్టర్ డబ్ల్యూ.డి. హార్స్లీ ఎండలు తప్పించుకోవడానికి అక్కడ బంగ్లా కట్టించాడు. మదనపల్లె అప్పట్లో కడప జిల్లాలో ఉండేది. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. బంగ్లా కట్టిన సాబ్ పేరే కొండ పేరైపోయింది.

దారి గుర్తులకు మన ముల్కులో పెద్ద తారీఖే ఉంది. 1540 నుంచి 1545 దాకా ఏలిన షేర్‌షా సూరి, ఆ తర్వాత మొఘల్ బాద్‌షాలు పెద్ద సడక్‌ల వెంట కోస్ మీనార్లు కట్టించారు. కోసుకొకటి, అంటే సుమారు మూడు కిలోమీటర్లకొకటి. చదువురాని ముసాఫిర్‌కూ దూరం నుంచే దారి తెలిసేది. కానీ ఆ నేల మీద ఎవరు బతికారో మీనార్ చెప్పదు. ఆ పని వివరణ బోర్డుది. అమెరికా జాతీయ పార్కుల కోసం ఫ్రీమన్ టిల్డెన్ 1957లో ఒక పుస్తకం రాశాడు. వివరాలు పేర్చితే చాలదని, చూసేవాడి జిందగీతో ముడిపెట్టాలని, మనసులో సవాల్ రేపాలని అతని మాటల సారాంశం.

కొండమీద 1859లో నాటిన నీలగిరి చెట్టునే చూడండి. దానికి 1995లో మహావృక్ష పురస్కారం వచ్చింది. ఎత్తు, చుట్టుకొలత రాస్తే అది ఖబర్. నీలగిరి జాతి పుట్టిల్లు ఆస్ట్రేలియా అని, సాబ్ లాగే ఈ చెట్టూ సముందర్ దాటొచ్చిందని రాస్తే పిల్లాడు ఆగి చూస్తాడు.

ఇంత చెబుతున్న నేను ఇరవై ఏళ్ళుగా వార్తల్లో హార్స్లీ హిల్స్ అనే రాశాను. దాదీ చెప్పిన పేరు ఒక్కసారీ రాయలేదు. ఆ కసూర్ నాదే.

నన్ను బోర్డు రాయమంటే, బాట చీలే ప్రతిచోటా ముందు బాణం గుర్తు పెడతాను. పైన పెద్ద అక్షరాల్లో ఏనుగు మల్లమ్మ కొండ, దాని కింద హార్స్లీ హిల్స్. సాబ్ పేరు చెరిపేయను, అదీ తారీఖే. మాటలు నాలుగు వాక్యాలకు మించవు. జబాన్లు మాత్రం మూడు: తెలుగు, సరిహద్దు అవతలి నుంచి వచ్చేవాళ్ళకు కన్నడ, మన ఇళ్ళలో మాట్లాడుకునే ఉర్దూ.

దారి తెలియనివాడికి దారి చూపడం సదఖా అని చిన్నప్పుడే నేర్చుకున్నాం కదా. మీ ఊరి గుట్టకు, చెరువుకు, వంకకు మీ నానీ, దాదీ ఏ పేరు పెట్టి పిలిచేవారో ఈ రాత్రే అడిగి రాసి పెట్టండి. మా దాదీని ఇక నేను అడగలేను.