వంతెన మీట ఎవరి చేతిలో?

2019 జూన్‌లో సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్ళినప్పుడు, అర్ధరాత్రి పూట నేవా నదిలో పడవెక్కాను. వంతెనలు తెరుచుకోవడం చూద్దామని. "నిద్ర మానుకుని వంతెన చూడ్డమేంటి బాసూ" అని కొలీగ్ నవ్వాడు. ప్రొడక్షన్ రిలీజుల కోసం ఎన్ని రాత్రులు మేలుకోలేదు, ఇదొక లెక్కా!

నిజానికి ఇదీ అలాంటి వ్యవహారమే. వోల్గా వైపు నుంచి బాల్టిక్ సముద్రానికి పోయే సరుకు ఓడలు ఊరి మధ్యలోంచే పోవాలి. పగలు వంతెనలు ఎత్తితే ఊరు ఆగిపోతుంది. అందుకే నది గడ్డకట్టని నెలల్లో రాత్రిళ్ళు ఒక మెయింటెనెన్స్ విండో పెట్టుకున్నారన్నమాట. ఒంటిగంట దాటాక ప్యాలెస్ వంతెన మధ్యకి చీలి, రోడ్డుతో సహా రెండు రెక్కల్లా పైకి లేచింది. అందరూ కెమెరాలు తీశారు. నాకు మాత్రం 1917 గుర్తొచ్చింది.

ఊరు ఎలా ఉంటుందో ముందు చెప్పాలి. జార్ చక్రవర్తి ప్యాలెస్, ప్రభుత్వ ఆఫీసులు నదికి దక్షిణాన. ఫ్యాక్టరీలు, కార్మికుల పేటలు చాలావరకు అవతల ఒడ్డున. అంటే వంతెనని మూసేస్తే గొడవ అవతలే ఆగిపోతుందని సర్కారు వారి లెక్క. మన భాషలో ఫైర్‌వాల్.

1917 మార్చిలో (రష్యా పాత క్యాలెండరు ప్రకారం ఫిబ్రవరి) రొట్టె కోసం కార్మికులు రోడ్డెక్కారు. పోలీసులు వంతెనల మీద అడ్డంగా నిలబడ్డారు. కానీ అది చలికాలం, నేవా గడ్డకట్టి ఉంది. జనం వంతెన దిగి, మంచు మీద నడుచుకుంటూ అవతలికి వచ్చేశారు! వారం తిరక్కుండానే జార్ గద్దె దిగాడు.

అదే ఏడాది నవంబరు 6న తాత్కాలిక ప్రభుత్వం వంతెనలు ఎత్తెయ్యమని ఆర్డరేసింది. ఈసారి కింద నీళ్ళే, మంచు లేదు. అయినా ప్లాను పారలేదు. లిటేనీ వంతెన దగ్గర సైనిక విద్యార్థుల తుపాకులు జనమే లాగేసుకున్నారు. ఆ రాత్రి అరోరా యుద్ధనౌక నికొలాయెవ్‌స్కీ వంతెన దగ్గరికి రాగానే కాపలావాళ్ళు పారిపోయారు, నావికులు వంతెనని మళ్ళీ దించేశారు. మర్నాడు రాత్రికి ప్యాలెస్ కూడా చేతులు మారింది.

ఇక్కడితో ఆపేస్తే మంచి సినిమా కథ. కానీ చరిత్ర ఇంకో రెండున్నర నెలలు నడిచింది. 1918 జనవరి 18న, ఎన్నికైన రాజ్యాంగ సభకి మద్దతుగా జనం ఊరేగింపుగా బయల్దేరితే, దారి మూసి వాళ్ళమీద కాల్పులు జరిపింది కొత్త సర్కారే. మర్నాటికి ఆ సభనే రద్దు చేసేసింది. నవంబరులో వంతెనలు దించినవాళ్ళే, జనవరిలో దారి మూశారు!

అందుకే నాకు అనిపించేదేంటంటే, మీట ఇవాళ మనవాళ్ళ చేతికొచ్చిందని సంబరపడటం తొందరపాటు. మీట ఎవరి చేతిలో ఉన్నా, ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో అందరికీ తెలిసిన టైం టేబుల్ ఒకటి ఉండాలి. ఆ రాత్రి నేను చూసిన వంతెనకి అది ఉంది. చెప్పిన టైముకి లేచింది, ఓడలు పోయాక దిగింది, తెల్లారి జనం ఆఫీసులకి పోయారు. 1917 తెలిశాక, ఆ మామూలుతనమే నాకు పెద్ద వింతగా అనిపించింది.