కడుపు మీద సంచి ఉన్నా నవ్వుతూ బతకొచ్చు: స్టోమా ఉన్నవాళ్లు, ఇంట్లోవాళ్లు తెలుసుకోవాల్సినవి

ఏన్కూరు: ఆపరేషన్ అయ్యి కళ్లు తెరిచేసరికి కడుపు మీద ఎర్రటి ముద్ద, దాని చుట్టూ అతికించిన ప్లాస్టిక్ సంచి. చూసుకోవాలంటేనే భయం. ఇంటికొచ్చాక ఎవరికైనా చెప్పుకోవాలంటే సిగ్గు. అందుకే కొందరు పెళ్లిళ్లకు పోవడం మానేస్తారు, బస్సెక్కడం మానేస్తారు, మసీదుకో గుడికో వెళ్లడం మానేస్తారు. చివరికి కడుపునిండా తినడం కూడా మానేస్తారు. ఆ సంచి లేకపోతే వీళ్లలో చాలామంది ఆస్పత్రి మంచం మీది నుంచి లేచేవాళ్లే కాదు.

"బతికావు కదా, సంతోషంగా ఉండు" అని పక్కవాళ్లు చెప్తే సంతోషం రాదు. సంచి కారదు అన్న ధైర్యం వచ్చాకే కృతజ్ఞతా వస్తుంది, నవ్వూ వస్తుంది. కాబట్టి ముందు పని సంగతి చూద్దాం.

స్టోమా అంటే ఏమిటి?

పేగు చివరను కడుపు గోడలోంచి బయటికి తెచ్చి కుట్టే దారినే స్టోమా అంటారు. గ్రీకు భాషలో ఈ మాటకు నోరు అని అర్థం. పెద్దపేగును బయటికి తెస్తే కొలోస్టమీ, చిన్నపేగును తెస్తే ఇలియోస్టమీ. మూత్రం కోసం చేసేది యూరోస్టమీ.

పెద్దపేగు క్యాన్సర్, టైఫాయిడ్ ముదిరి పేగుకు రంధ్రం పడటం, ప్రమాదంలో కడుపుకు దెబ్బ తగలడం, పేగుల్లో పుండ్లు, మలద్వారం లేకుండా పిల్లలు పుట్టడం లాంటివి దీనికి కారణాలు. కొందరికి ఇది తాత్కాలికమే. పేగు మానాక కొన్ని నెలల తర్వాత మళ్లీ లోపల కలిపేస్తారు. మరికొందరికి జీవితాంతం ఉంటుంది. మీది ఏ రకమో, మూసేస్తారో లేదో డిశ్చార్జి అయ్యేలోపే అడిగి కాగితం మీద రాయించుకోండి.

ఆరోగ్యంగా ఉన్న స్టోమా ఎర్రగా, తడిగా, మన పెదవి లోపలి వైపులా ఉంటుంది. ముట్టుకుంటే నొప్పి తెలియదు. తుడిచేటప్పుడు ఒకటి రెండు చుక్కల రక్తం కనిపిస్తే కంగారు వద్దు. అయితే నొప్పి తెలియదు కాబట్టి బెల్టో, లుంగీ ముడో, లంగా బొందో ఒరుసుకుని గాయమైనా తెలియదు. అందుకే ముడి దాని మీద పడకుండా కాస్త పైకో కిందికో కట్టుకోవాలి.

రోజూ చేసుకునే పని

సంచి మూడోవంతు నుంచి సగం దాకా నిండగానే ఖాళీ చేయాలి. పూర్తిగా నిండనిస్తే బరువుకే ఊడొస్తుంది. అతుకు పట్టీని మూడు నాలుగు రోజులకోసారి మార్చుకుంటే చాలామందికి సరిపోతుంది. కింద మంటగా, దురదగా ఉంటే మాత్రం వెంటనే మార్చాలి.

చర్మాన్ని మామూలు నీళ్లతో కడిగి, మెత్తటి బట్టతో అద్ది, పూర్తిగా ఆరనివ్వాలి. కొబ్బరినూనె, పౌడరు, పసుపు, డెట్టాల్ ఏవీ వద్దు. నూనె రాస్తే పట్టీ అతుక్కోదు. డెట్టాల్‌తో చర్మం మండుతుంది. పట్టీలో కత్తిరించే రంధ్రం స్టోమా కంటే 2, 3 మిల్లీమీటర్లు మాత్రమే పెద్దగా ఉండాలి. మొదటి 6 నుంచి 8 వారాల్లో వాపు తగ్గి స్టోమా చిన్నదవుతుంది. ఆస్పత్రిలో ఇచ్చిన కొలతతోనే కత్తిరిస్తూ పోతే కారడం మొదలవుతుంది. అందుకే మార్చినప్పుడల్లా కొలుచుకోవాలి.

మిర్చి బస్తాలు ఎత్తే పని చేసేవాళ్లు డాక్టరు ఒప్పుకునేదాకా బరువు జోలికి పోవద్దు. స్టోమా పక్కన పేగు జారి గిలక (హెర్నియా) వచ్చే ప్రమాదం ఉంది. దగ్గు, తుమ్ము వచ్చినప్పుడు స్టోమా మీద చెయ్యి అదిమి పట్టుకోవాలి.

ఎండలు, నీళ్లు, తిండి

మన దగ్గర ఎండలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. చెమటకు పట్టీ తొందరగా వదులవుతుంది. కొత్త సంచులను ఎండలో, బండి డిక్కీలో పెట్టొద్దు, జిగురు పాడవుతుంది. ఇలియోస్టమీ ఉన్నవాళ్లకు నీళ్లతో పాటు ఉప్పు కూడా బయటికి పోతుంది. ఉత్త నీళ్లు ఎంత తాగినా ఆ లోటు తీరదు. ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒక లీటరు నీళ్లలో కలిపి తాగాలి. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపాలి.

అన్నం, అరటిపండు, సగ్గుబియ్యం మలాన్ని చిక్కబరుస్తాయి. మజ్జిగతో వాసన కాస్త తగ్గుతుంది. ఉల్లి, వెల్లుల్లి, గుడ్డు, చేప, క్యాబేజీ తింటే వాసన, గ్యాస్ ఎక్కువ. మక్కకంకి, పల్లీలు, కొబ్బరి, పుట్టగొడుగుల్లాంటివి ఇలియోస్టమీ దారిలో అడ్డుపడొచ్చు. మొదట్లో వద్దు, తర్వాత కొంచెం కొంచెంగా, బాగా నమిలి తినాలి. ఇంకో మాట: బీట్‌రూట్ కూర తిన్నాక సంచి ఎర్రబడితే రాత్రికి రాత్రి ఆస్పత్రికి పరిగెత్తే ముందు మధ్యాహ్నం ఏం తిన్నారో గుర్తు చేసుకోండి.

నవ్వు ఎక్కడి నుంచి వస్తుంది?

స్టోమాకు ముద్దుపేరు పెట్టుకోవడం చాలా దేశాల్లో మామూలే. పేరు పెడితే మాట్లాడటం తేలికవుతుంది. "సంచి కారింది" అనడానికి నోరు రానివాళ్లు "చిన్నోడు అలిగాడు" అని ఇట్టే చెప్పేస్తారు. గ్యాస్ నిండి సంచి ఉబ్బితే "పూరీ పొంగింది" అంటే ఇంట్లో పిల్లలు కూడా భయపడరు. ఖమ్మం బస్సులో అందరూ నిశ్శబ్దంగా ఉన్నప్పుడే అది శబ్దం చేస్తుంది. అలాంటప్పుడు కడుపు మీద చెయ్యేసుకుని "ఆకలేస్తోంది" అంటే సరిపోతుంది. ఇక పెళ్లి ఇంట్లో తెల్లారుజామున బాత్రూమ్ ముందు చుట్టాలంతా క్యూ కడితే, కొలోస్టమీ ఉన్నాయన తీరిగ్గా చాయ్ తాగుతూ కూర్చోవచ్చు.

అయితే ఒక హద్దు ఉంది. మొదటి జోకు సంచి ఉన్న మనిషి నోటి నుంచే రావాలి. ఆ మనిషి ఏడుస్తున్నప్పుడు పక్కవాళ్లు నవ్విస్తే అది ఎగతాళి అవుతుంది. నెలల తరబడి దిగులు తగ్గకపోతే, నిద్ర పట్టకపోతే దాచుకోకుండా డాక్టరుకు చెప్పాలి.

నమాజు, రోజా, పూజ

"ఈ సంచితో పాక్‌గా ఉన్నట్టేనా?" అన్నది చాలామందిని లోలోపల తినేసే ప్రశ్న. మలమో మూత్రమో ఆగకుండా వస్తున్నవారిని హనఫీ ఫిఖ్‌లో మాజూర్‌గా లెక్కిస్తారు. ప్రతి నమాజు వేళ మొదలయ్యాక కొత్తగా వుజూ చేసుకుని, ఆ వేళ ముగిసేదాకా నమాజు చదువుకోవచ్చు. మీ పరిస్థితి చెప్పి దగ్గర్లోని ముఫ్తీ సాబ్‌ను అడగండి, మసీదును మాత్రం వదులుకోవద్దు. ఇలియోస్టమీ ఉన్నవాళ్లు రంజాన్‌లో రోజా ఉండాలంటే ముందు డాక్టరు సలహా తీసుకోవాలి. రోగులకు సడలింపు ఉంది. గుడికి, తిరునాళ్లకు వెళ్లేవాళ్లు కూడా మైల అని భయపడొద్దు. బయల్దేరే ముందు సంచి ఖాళీ చేసుకుని, అదనంగా ఒక సంచి, తడి బట్ట, కవరు వెంట పెట్టుకుంటే చాలు.

ఈ సంచి ఎవరి పుణ్యం?

డెన్మార్క్‌లో ఎలిస్ సోరెన్‌సెన్ అనే నర్సు ఉండేది. స్టోమా ఆపరేషన్ అయిన తన చెల్లెలు బయటికి రావడానికే భయపడుతుంటే చూడలేక, 1954లో చర్మానికి అతుక్కునే సంచి ఆలోచన చేసింది. అమెరికాలో నార్మా గిల్‌కు ఇలియోస్టమీ అయింది. ఆమె తనలాంటివాళ్లకు ధైర్యం చెప్పడం మొదలుపెట్టింది. 1958లో క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో సర్జన్ రూపర్ట్ టర్న్‌బుల్ ఆమెను అదే పనికి పెట్టుకున్నారు. ఇవాళ్టి స్టోమా నర్సుల వృత్తికి అదే మొదలు. ముంబైలోని ఆస్టమీ అసోసియేషన్ ఆఫ్ ఇండియా మన దేశంలో ఇలాంటివాళ్లకు తోడుగా పనిచేస్తోంది. 1993 నుంచి మూడేళ్లకోసారి అక్టోబరు మొదటి శనివారం ప్రపంచ ఆస్టమీ దినం జరుపుతున్నారు.

షుక్ర్ చెప్పుకోవాల్సిన మనిషి ఇంట్లో కూడా ఉంటారు. మొదటి నెల ముక్కు మూసుకోకుండా సంచి కడిగిన భార్యో, కొడుకో, అక్కో. కానీ ఆ పని ఎప్పటికీ వాళ్ల మీదే వదిలేయొద్దు. మీ చేతులతో మీరే మార్చుకున్న రోజు వాళ్లకు మీరిచ్చే పెద్ద కానుక.

వెంటనే ఆస్పత్రికి ఎప్పుడు?

స్టోమా నల్లగా లేదా ఊదారంగులోకి మారినా, లోపలి నుంచి రక్తం ఆగకుండా వస్తున్నా, కడుపునొప్పి, వాంతులతో పాటు కొన్ని గంటలుగా సంచిలోకి ఏమీ రాకపోయినా, మూత్రం బాగా తగ్గి కళ్లు తిరుగుతున్నా ఆలస్యం చేయొద్దు.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో రూ.10 లక్షలకు పెంచారు. ఆపరేషన్‌కు ముందే ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి ఏవేవి వర్తిస్తాయో తెలుసుకోండి. ఇంటికెళ్లాక సంచులు ఎక్కడ దొరుకుతాయో, ఎంత అవుతుందో అప్పుడే అడగండి. ఏన్కూరు లాంటి ఊళ్లలో ప్రతి మందుల షాపులోనూ ఇవి ఉండవు. ఆఖరి సంచి వాడేదాకా ఆగకుండా, నాలుగైదు మిగిలి ఉండగానే తెప్పించుకోండి.