అవ్వకు వినపడిన సినిమా

సీతారామపురంలో పొద్దు తొందరగా గుంకుతుంది. పడమట వెలిగొండలు అడ్డం నిలబడి ఉంటాయి. సూర్యుడు వాటి చాటుకు పోయాడంటే ఊరి మీద నీడ, వెనకే చలి. ఈరోజు కార్తీక సోమవారం. పొద్దున ఘటిక సిద్ధేశ్వరం పోయొచ్చినవాళ్ల నుదుట విభూతి ఇంకా చెరగలేదు. మీరు ఒక ఇంటి ముంగిట్లో, చాప చివర, దుప్పటి కప్పుకుని కూర్చున్నారు. టీవీని నడవలోంచి తెచ్చి స్టూలు మీద పెట్టారు. కిటికీలోంచి వైరు వేలాడుతోంది. ఉడకబెట్టిన వేరుశనక్కాయల చాట చేతులు మారుతూ మీ దాకా వచ్చింది.

బెంగుళూరు నుంచి సెలవుకొచ్చిన మనవడు పెన్‌డ్రైవ్ గుచ్చాడు.

"ఏం సినిమా నాయనా?" మంచం మీంచి అవ్వ అడిగింది.

"పుష్పక విమానం అవ్వా!" అని గట్టిగా అరిచాడు. "కమలహాసన్‌ది. దీంట్లో ఎవరూ మాట్లాడరు."

"మాట్లాడకపోతే నాకేం తెలస్తది?"

"నీకు చెవుడు గదా, మాకంటే నీకే బాగా తెలస్తది."

అందరూ నవ్వారు. అవ్వ కూడా నవ్వింది, ఎందుకో వినపడకుండానే.

తెర మీద ఇరుకు లాడ్జి. ఉద్యోగం లేని కుర్రాడు. పొద్దున్నే కక్కసు దగ్గర బారులు తీరిన జనం. మీ పక్కన కూర్చున్న మామ తొడ చరిచాడు. బెంగుళూరులో మేస్త్రీ పనికి పోయి పదేళ్లు ఉండొచ్చిన మనిషి. "అచ్చం మేమున్న లాడ్జే!" అన్నాడు. సినిమా తీసింది కూడా ఆ ఊళ్లోనే. ఇంతలో బిచ్చగాడుగా పి.ఎల్. నారాయణ వచ్చాడు. కుర్రాడు చిల్లర తీసి గొప్పగా చూపిస్తే, బిచ్చగాడు అంతకంటే ఎక్కువ తీసి చూపించాడు. ముంగిలి ఘొల్లుమంది. మీరు వెనక్కి తిరిగి చూస్తే, అందరికంటే ముందు నవ్వింది అవ్వే.

మామూలుగా అవ్వ సినిమా చూస్తే పక్కనున్నవాళ్లకు సుఖం ఉండదట. "ఏమన్నాడు? ఆ పిల్ల ఏమంది?" అని గిల్లి గిల్లి అడుగుతుందట. ఈరోజు ఆ పని తప్పింది. తాగి రోడ్డు మీద పడిపోయిన డబ్బున్నాయన్ని కుర్రాడు తన గదిలో కట్టేసి, ఆయన తాళంచెవితో పెద్ద హోటలు గదిలో దిగేసరికి, "వీడి కొంప మునిగినట్టే" అని అవ్వే ముందుగా చెప్పేసింది.

హోటల్లో పరుపు మెత్తగా ఉంది గానీ కుర్రాడికి నిద్ర రావడంలేదు. లాడ్జి పక్కన సినిమా హాలు రొదకు అలవాటు పడ్డ ప్రాణం. చివరికి ఆ రొదను టేపులో పట్టుకొచ్చి, పెట్టుకుని విని, హాయిగా నిద్రపోయాడు. మామ ఈసారి నవ్వలేదు. "నిజమే. నేనూ ఊరికొచ్చిన కొత్తల్లో నిద్రపోలేకపోయినా" అన్నాడు.

ఇక ప్రేమ. అదే హోటల్లో దిగిన ఇంద్రజాలికుడి కూతురు అమల. చూపులు, సైగలు, చిరునవ్వులు. ఇక్కడ నోళ్లు లేచాయి. మూకీల కాలంలో డేరాల్లో తెర పక్కన ఒక మనిషి నిలబడి కథ చెప్పేవాడు. ఈ ముంగిట్లో ఆ పని అందరూ చేస్తున్నారు. అమల కళ్లెత్తితే ఒక ఆడపిల్ల, "రేపు కనిపిస్తావా అంటాంది" అంది. "కాదు, నువ్వెవరు అని అడగతాంది" అన్నాడు మనవడు.

కిరాయి హంతకుడుగా వచ్చిన టీనూ ఆనంద్ మంచుకత్తి తీసినప్పుడు మాత్రం ఎవరూ మాట్లాడలేదు. చాటలో కాయ ఒలిచిన చప్పుడు కూడా లేదు. బిచ్చగాడు చనిపోయి, జనం శవాన్ని వదిలేసి అతని నోట్ల కోసం ఎగబడినప్పుడు ఎవరో "ఛీ" అన్నారు.

చివరికి కుర్రాడు నిజం చెప్పేశాడు. అమల వెళ్లిపోతూ గులాబీకి చుట్టిన కాగితం మీద అడ్రసు ఇచ్చింది. గాలికి కాగితం ఎగిరి మురుక్కాలవలో పడింది. కుర్రాడు మళ్లీ ఉద్యోగం క్యూలో నిలబడ్డాడు. టీవీ ఆగింది. అసలు సినిమా అప్పుడు మొదలైంది.

"దొంగకి ఆ శాస్తి కావాల్సిందే" అన్నాడు మామ.

"దొంగయితే నిజమెందుకు చెప్తాడు మామా?" అని ఎదురు తిరిగింది ఆడపిల్ల. "ఆ కాయితం పోకుండా ఉంటే పోయి కలిసుండేవాడు."

"కలిస్తే ఏం పెట్టి సాకతాడు?" ఇంకెవరో.

అరుగు మీద ఇంతసేపూ ఊరకున్న రిటైర్డు అయ్యవారు గొంతు సవరించుకున్నారు. "ఈ సినిమా తీసిన సింగీతం శ్రీనివాసరావు ఎక్కడ పుట్టినాడో తెలుసునా? మన ఉదయగిరిలో."

ఉదయగిరి కోట, చెక్క గరిటెలు తెలిసినవాళ్లే అందరూ. ఈ సంగతి మాత్రం సగం మందికి కొత్త.

అయ్యవారు వేళ్లు మడిచారు. 1931 జనవరిలో చాప్లిన్ 'సిటీ లైట్స్' వచ్చింది. లోకమంతా టాకీలకు ఎగబడుతుంటే ఆయన మాటలు పెట్టనన్నాడు. మార్చిలో మన దేశంలో తొలి టాకీ 'ఆలం ఆరా' వచ్చింది. సెప్టెంబరులో సింగీతం పుట్టారు. కె.వి. రెడ్డి దగ్గర పని నేర్చుకుని, ఎన్నో మాటల సినిమాలు తీసి, 1987లో మాటల్లేకుండా ఇది తీశారు. "చాప్లిన్ సినిమాలోనూ తాగుబోతు డబ్బున్నాయన, పేదవాడు, పూలపిల్ల. ఆఖర్న అక్కడా ఒక పువ్వే."

"అయితే చూసి రాసినాడా?" మనవడు.

"అక్కడ గుడ్డిపిల్లకు చూపొస్తది, పేదవాణ్ణి గుర్తుపడతది. ఇక్కడ గుర్తుపట్టినాక కూడా దొరకలేదు. రెండూ ఒకటెట్టా అవుతాయిరా?"

వాదం మళ్లీ అంటుకునేలోగా అవ్వ చెయ్యెత్తింది. ఈ గొడవంతా ఆమెకు వినపడి ఉండదు.

"కాయితం పోతే పోయింది. పువ్వు పారేసినాడా? క్యూలో నిలబడినప్పుడు కూడా చేతిలోనే ఉండె. నేను చూసినా."

మిగతావాళ్లంతా మురుక్కాలవనే చూసినట్టున్నారు. మనవడు రిమోటు తీసుకుని వెనక్కి తిప్పాడు. ఉంది.

మీరు లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు. వెనక మామ, ఆడపిల్ల ఇంకా ఒప్పుకోలేదు, మాటా మాటా పెరుగుతోంది. ఏ భాషలోనూ మాట ఒక్కటి రాయకుండా, పేరు మాత్రం మార్చి ఈ సినిమాను అన్నిచోట్లా ఆడించారు. మనకు 'పుష్పక విమానం', హిందీవాళ్లకు 'పుష్పక్'. తమిళనాట పెట్టిన పేరు 'పేసుం పడం'. మాట్లాడే సినిమా అని అర్థం.