మధుమేహుల్లో ఫ్రోజెన్ షోల్డర్: భుజం ఎందుకు బిగుసుకుపోతుంది? ఏం చేయాలి?

చొక్కా తొడుక్కోవాలంటే చేయి వెనక్కి వెళ్లదు. తల దువ్వుకోవాలంటే మోచేయి పైకి లేవదు. రాత్రి ఆ పక్కకు ఒత్తిగిలితే నొప్పికి మెలకువ వస్తుంది. మధుమేహం ఉన్నవారిలో చాలామంది ఇలాంటి ఇబ్బందులను వయసు ప్రభావమనో, కండరం పట్టేసిందనో సరిపెట్టుకుంటారు. నెలలు గడిచేసరికి చేయి భుజం ఎత్తుకు కూడా లేవని స్థితి వస్తుంది. వైద్యులు ‘అడ్హెసివ్ క్యాప్సులైటిస్’ అని పిలిచే ఈ సమస్యే వాడుకలో ‘ఫ్రోజెన్ షోల్డర్’, అంటే బిగుసుకుపోయిన భుజం. మధుమేహం వల్ల కళ్లు, మూత్రపిండాలు, పాదాలకు కలిగే ముప్పుపై అవగాహన పెరిగినప్పటికీ, కీళ్లకు కలిగే నష్టం గురించి తెలిసినవారు తక్కువే.

భుజం చుట్టూ వచ్చే ఈ బాధాకరమైన బిగుతును 1872లో ఫ్రెంచి శస్త్రవైద్యుడు డ్యూప్లే వర్ణించారు. ‘ఫ్రోజెన్ షోల్డర్’ అనే పేరును 1934లో అమెరికా శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ కాడ్‌మన్ వాడుకలోకి తెచ్చారు. సాధారణ జనాభాలో ఇది 2 నుంచి 5 శాతం మందిలో కనిపిస్తుందని అంచనా. పలు అధ్యయనాలను క్రోడీకరించి 2016లో ప్రచురితమైన ఒక విశ్లేషణ ప్రకారం మధుమేహుల్లో సుమారు 13 శాతం మందికి ఈ సమస్య ఉంది. మధుమేహం లేనివారితో పోలిస్తే వీరికి ముప్పు దాదాపు 5 రెట్లు అధికం. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సహకారంతో జరిగి, 2023లో వెలువడిన అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నట్లు అంచనా వేసింది. ఈ లెక్కన సమస్య విస్తృతి ఎంతటిదో ఊహించవచ్చు.

కీలులో జరిగేదేమిటి?

భుజానిది బంతిగిన్నె కీలు. శరీరంలో అన్ని కీళ్లకంటే ఎక్కువ దిశల్లో కదిలేది ఇదే. దీని చుట్టూ క్యాప్సూల్ అనే పలుచని, సాగే గుణమున్న పొర తొడుగులా ఉంటుంది. ఫ్రోజెన్ షోల్డర్‌లో ఈ పొర మొదట వాచి, క్రమంగా మందమై, ముడుచుకుపోతుంది. కీలు లోపలి ఖాళీ తగ్గిపోయి, ఎముక స్వేచ్ఛగా తిరగలేకపోతుంది.

రక్తంలో చక్కెర దీర్ఘకాలం అధికంగా ఉన్నప్పుడు గ్లూకోజ్ అణువులు కొల్లాజెన్ అనే ప్రొటీన్‌కు అతుక్కుంటాయి. కొల్లాజెన్ పోగుల మధ్య అడ్డుబంధాలు ఏర్పడి, కణజాలం సాగే గుణాన్ని కోల్పోతుంది. దీర్ఘకాలంగా మధుమేహం ఉన్నవారిలో, చక్కెర అదుపులో లేనివారిలో ముప్పు ఎక్కువ కావడానికి ఇది ఒక ప్రధాన కారణమని భావిస్తున్నారు. వేళ్లు బిగుసుకుపోయి రెండు అరచేతులను పూర్తిగా ఆనించి నమస్కారం చేయలేకపోవడం, వేలు మడిచినప్పుడు పట్టేయడం వంటివి కూడా మధుమేహుల్లో ఎక్కువగా కనిపించే సమస్యలే.

మూడు దశలు

ఈ సమస్య సాధారణంగా 40 నుంచి 60 ఏళ్ల మధ్య వస్తుంది. పురుషులకంటే మహిళల్లో కొంత ఎక్కువ. మొదటి దశలో నొప్పి ప్రధానం. అది రాత్రివేళ తీవ్రమవుతుంది. ఈ దశ 2 నుంచి 9 నెలలు ఉండవచ్చు. రెండో దశలో నొప్పి కొంత తగ్గుతుంది కానీ బిగుతు గరిష్ఠ స్థాయికి చేరుతుంది. ఇది 4 నుంచి 12 నెలలు కొనసాగుతుంది. మూడో దశలో కదలికలు నెమ్మదిగా తిరిగి వస్తాయి. మొత్తం మీద ఏడాది నుంచి మూడేళ్లు పట్టవచ్చు. మధుమేహుల్లో కోలుకోవడం మరింత ఆలస్యం కావచ్చు, కొంత బిగుతు మిగిలిపోవచ్చు. కొందరిలో కొంతకాలం తర్వాత రెండో భుజానికీ ఇదే సమస్య వస్తుంది.

నిర్ధారణ ఎలా?

రోగి స్వయంగా చేయి కదపలేకపోవడమే కాదు, వైద్యులు పట్టుకుని కదిపినా కదలకపోవడం ఈ సమస్య ప్రధాన లక్షణం. మోచేతిని నడుముకు ఆనించి ముంజేతిని బయటి వైపు తిప్పే కదలిక ముందుగా దెబ్బతింటుంది. భుజం స్నాయువు తెగినవారిలో సాధారణంగా ఇతరులు ఎత్తితే చేయి లేస్తుంది. ఎక్స్‌రే చాలావరకు మామూలుగానే ఉంటుంది. కీలు అరుగుదల, ఎముక విరగడం వంటివి లేవని తేల్చుకోవడానికి దాన్ని తీస్తారు. కారణం తెలియకుండా భుజం బిగుసుకుపోయినవారికి మధుమేహం, థైరాయిడ్ పరీక్షలు చేయించడం మేలు. బయటపడని మధుమేహం ఈ దారిలో తెలిసే అవకాశం ఉంది.

చికిత్సలో జాగ్రత్తలు

నొప్పి నివారణ మందులు, ఫిజియోథెరపీ చికిత్సకు పునాది. అయితే మధుమేహుల్లో మూత్రపిండాలు దెబ్బతిని ఉండే అవకాశం ఉన్నందున నొప్పి మాత్రలను సొంతంగా కొని రోజుల తరబడి వాడటం ప్రమాదకరం. తొలి దశలో కీలులోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ నొప్పిని తగ్గిస్తుంది, కానీ కొన్ని రోజుల పాటు రక్తంలో చక్కెరను పెంచుతుంది. మధుమేహం ఉన్న విషయం ముందే వైద్యులకు చెప్పాలి. ఆ రోజుల్లో చక్కెరను తరచూ పరీక్షించుకుని, మందుల మోతాదులో మార్పు అవసరమేమో వైద్యులను అడగాలి.

నెలల తరబడి గుణం కనిపించకపోతే మత్తు ఇచ్చి భుజాన్ని కదిలించడం, కీహోల్ పద్ధతిలో బిగుసుకున్న పొరను కోసి వదులు చేయడం వంటి మార్గాలున్నాయి. ఈ రెండింటినీ, స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో కూడిన ఫిజియోథెరపీని పోలుస్తూ బ్రిటన్‌లో 503 మందిపై జరిగిన పరిశోధన ఫలితాలు 2020లో లాన్సెట్ పత్రికలో వెలువడ్డాయి. ఏ ఒక్క పద్ధతీ మిగిలినవాటికంటే స్పష్టంగా మేలైనదని అందులో తేలలేదు. అందువల్ల శస్త్రచికిత్సకు తొందరపడాల్సిన అవసరం చాలామందికి ఉండదు.

ఇంట్లో చేయదగినవి

ముందుకు వంగి చేతిని వదులుగా వేలాడదీసి లోలకంలా ఊపడం, గోడపై వేళ్లతో మెల్లగా పైకి పాకించడం, వీపు వెనుక తువ్వాలును రెండు చేతులతో పట్టి పైచేత్తో లాగడం సాధారణంగా నేర్పే వ్యాయామాలు. వీటిని ఫిజియోథెరపిస్టు వద్ద నేర్చుకుని, రోజూ కొద్దికొద్దిగా చేయాలి. నొప్పి తీవ్రంగా ఉన్న దశలో బలవంతంగా లాగితే బాధ పెరుగుతుంది. అలాగని చేతిని పూర్తిగా కదపకుండా ఉంచితే బిగుతు ఎక్కువవుతుంది. నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గినవారు కాపడం పెట్టుకునేటప్పుడు చర్మం కాలకుండా జాగ్రత్తపడాలి.

ఆలస్యం చేయకూడని సందర్భాలు

భుజం నొప్పులన్నీ ఫ్రోజెన్ షోల్డర్ కావు. అకస్మాత్తుగా వచ్చిన నొప్పితో పాటు చెమటలు, ఆయాసం, ఛాతీలో బరువు ఉంటే అది గుండెపోటు కావచ్చు. మధుమేహుల్లో ఛాతీ నొప్పి స్పష్టంగా లేకుండానూ గుండెపోటు రావచ్చు కనుక వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరంతో పాటు కీలు ఎర్రబడి వాచినా, కింద పడిన తర్వాత చేయి లేవకపోయినా అదే రోజు వైద్యులను సంప్రదించాలి. మిగిలిన సందర్భాల్లో భుజం నొప్పి, బిగుతు కొన్ని వారాలు దాటి కొనసాగితే చూపించుకోవడం అవసరం. నొప్పి తొలి దశలోనే ఉపశమనం లభిస్తే వ్యాయామం సాధ్యమవుతుంది, నిద్ర కుదుటపడుతుంది, చేయి పూర్తిగా వాడకంలో లేకుండా పోయే పరిస్థితి తప్పుతుంది.