మితపానమును ప్రెస్టను ప్రతిజ్ఞయును

బైబిలు మద్యమును అందఱకును నిషేధింపలేదు, మత్తిల్లుటను దూషించినది. కానా పెండ్లిలో క్రీస్తు నీటిని ద్రాక్షారసముగ మార్చెనని అందు గలదు. కావున ఇంగ్లండునందలి తొలి మద్యవిరోధ సంఘములు పెక్కులు సారాయిని విడువుమని చెప్పి, బీరును మితముగ త్రాగనిచ్చెను. సారాయి వాడుక తగ్గునను ఆశతో 1830లో పార్లమెంటు బీరు అంగళ్లకు లైసెన్సులు సులభము చేసెను. అంగళ్లు వేలకొలది వెలసెను, త్రాగుబోతుతనము తగ్గలేదు.

ఉత్తర ఇంగ్లండులోని ప్రెస్టను పట్టణమున జున్నువర్తకుడగు జోసెఫ్ లివ్సే, ఆ బీరువలననే కూలివారి సంసారములు చెడుట కనులార చూచెను. 1832 సెప్టెంబరు 1న ఆయనయు మఱి యార్గురును బీరు మొదలుకొని సమస్త మాదకపానీయములను, ఔషధముగ దక్క, విడిచెదమని చేవ్రాలు చేసిరి.

సోదరునకు అభ్యంతరమగునేని ద్రాక్షారసము మానుట మేలని పౌలు రోమీయులకు వ్రాసియుండెను. మితపానము త్రాగువానికి కీడు చేయకపోవచ్చును. వానిని చూచి నేర్చుకొనువానికి చేయదని యెవరు చెప్పగలరు?