తుమ్మ నీలి సీతాకోకచిలుక

అజానస్ ఉబాల్డస్ అనే ఈ చిన్న నీలి సీతాకోకచిలుక ఆఫ్రికా నుంచి అరేబియా మీదుగా భారతదేశం, శ్రీలంక దాకా మెట్ట ప్రాంతాల్లో కనిపిస్తుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో దీన్ని బ్రైట్ బబుల్ బ్లూ అనీ, డెజర్ట్ బబుల్ బ్లూ అనీ రాస్తారు. పీటర్ క్రామర్ మొదలుపెట్టి 1776లో కన్నుమూయగా మిగిలిపోయిన డచ్చి గ్రంథాన్ని కాస్పర్ స్టోల్ పూర్తి చేశాడు. ఈ జాతిని 1782లో తొలిసారి వర్ణించింది అందులోనే. తర్వాత దాదాపు వందేళ్లకు, 1881లో, ఫ్రెడరిక్ మూర్ అజానస్ ప్రజాతిని ఏర్పరచాడు. ఆ పని సింహళ సీతాకోకచిలుకల మీద ఆయన రాసిన గ్రంథంలో జరిగిందన్నది గమనించాలి. ఎడారే లేని ఆ ద్వీపంలోనూ బతుకుతున్న ప్రాణిని ఎడారి జీవి అని తేల్చేయడం తొందరపాటు. దాన్ని నిలబెడుతున్నది ఇసుకా కాదు, ఎండా కాదు, తుమ్మచెట్టు.

థార్‌లోనూ అరేబియాలోనూ ఉంది కదా అంటే, నిజమే. అక్కడా తుమ్మజాతి చెట్లను అంటిపెట్టుకునే ఉంటుంది. గొంగళిపురుగు తినేది ఆ చెట్ల లేత చిగుళ్లను, పూమొగ్గలను. దాని వీపు మీది గ్రంథి నుంచి ఊరే తీపి ద్రవం కోసం చీమలు చుట్టూ చేరతాయి, ఆ కాపలా వల్ల పురుగుకు శత్రువుల బెడద తగ్గుతుంది. రెక్కలు వచ్చాక మగదాని పైభాగం ఊదా కలిసిన నీలం, ఆడది గోధుమ రంగు. రెక్కలు ముడిచినప్పుడు వెనుక రెక్క అంచున రెండు నల్లచుక్కలు స్పష్టంగా కనిపిస్తాయి. లవణాల కోసం మగవి తడిమట్టి మీద వాలతాయి. కాబట్టి ఎండిన నేలలో కూడా దీనికి చెట్టుతోపాటు కాస్త తేమ ఉంటే మేలు.

గుడిబండ, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు తుమ్మకు కొరతేముంది అనవచ్చు. అడుగడుగునా కనిపించే సర్కారు తుమ్మ పేరుకే తుమ్మ. అది అమెరికా ఖండాల నుంచి వచ్చిన వేరే ప్రజాతి మొక్క, 1877 ప్రాంతంలో కడప జిల్లాలో నాటినప్పటి నుంచి రాయలసీమంతా కమ్ముకుంది. వంటచెరకుగా, బొగ్గుగా బీదల పొయ్యిని వెలిగించిన మాట కాదనలేం. కానీ ఈ గొంగళిపురుగు మేతగా పుస్తకాలు ప్రధానంగా చెప్పేది తుమ్మజాతినే. ఆ కంప పెరిగింది గనుక సీతాకోకచిలుక కడుపు నిండిందనుకోవడానికి ఆధారం చాలదు. చెరువు లోపలా, పొలం గట్టునా కంప కొట్టించేటప్పుడు నల్లతుమ్మనూ తెల్లతుమ్మనూ గుర్తుపట్టి వదిలేయండి.